పెళ్లికి 20 రోజులే ఉంటే పీల్ జోలికి పోకండి

మీ ప్రశ్న చదివాను. డిగ్రీ ఫైనలియర్, బుగ్గల నిండా మొటిమలు, 20 రోజుల్లో అక్క పెళ్లి. పార్లర్ వాళ్లు కెమికల్ పీల్, అంటే ముఖానికి యాసిడ్ పూసి పై పొర ఊడేలా చేసేది, చేయించుకోమంటున్నారు, ముఖం కాలుతుందేమోనని మీ భయం. సరిగ్గా చేస్తే కాలదు. కానీ ఈ 20 రోజుల్లో మాత్రం వద్దు. మా చెల్లి పెళ్లి ముందు నేను ఇదే పని చేశాను. ఆల్బమ్‌లో ఏ ఫొటో చూసినా ఒక పక్కకే తిరిగి ఉంటాను.

మాది నల్గొండ దగ్గర, బత్తాయి తోట ఉంది. నాది బండి మీద ఊళ్లు తిరిగి ఎరువులు అమ్మే ఉద్యోగం. అమ్మ బత్తాయి తొక్కల పొడిలో నిమ్మరసం కలిపి పట్టించేది. నిమ్మరసం పూసుకొని ఎండలో తిరిగితే చర్మం కమిలిపోతుందని అప్పట్లో మాకు తెలియదు. అదీ అయ్యాక పార్లర్‌కు వెళ్లాను. ఏప్రిల్ నెల. ఏ యాసిడో, ఎంత శాతమో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో రోజు మూతి చుట్టూ ఉల్లిపొరలా లేస్తుంటే గోటితో లాగాను. నాలుగో రోజు బండేసుకొని మిర్యాలగూడ రూట్‌కు వెళ్లాను. మొటిమలు కొంచెం అణిగాయి గానీ, లాగిన చోటల్లా నల్లటి మచ్చలు పడ్డాయి. దసరా దాకా పోలేదు.

తర్వాత స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆమె ముఖం చూడకముందే, "ఇంట్లో ఏ క్రీమ్ రాస్తున్నావు?" అని అడిగింది. జేబులోంచి ట్యూబ్ తీసిచ్చాను. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నది. అందులో బీటామెథాసోన్ ఉంది, అంటే స్టెరాయిడ్. రాసినన్నాళ్లు ముఖం నున్నగా ఉంటుంది, లోపల చర్మం పలచబడుతుంది, కొత్త మొటిమలూ వస్తాయి. అది మానేశాక మూడు వారాలు ముఖం ఎర్రగా మండింది. ఆ నెల నాకు నరకమే.

రెండు నెలలు రాత్రిపూట అడాపలీన్ అనే మొటిమల జెల్ రాయించి, నవంబర్‌లో ఎండ తగ్గాకే పీల్ మొదలుపెట్టింది. సాలిసిలిక్ యాసిడ్, ముందు 20 శాతం, తర్వాత 30. ఇది నూనెలో కరుగుతుంది కాబట్టి రంధ్రాల్లోకి దిగి మొటిమ మీద పని చేస్తుందట. కంటి మూలలకు, ముక్కు అంచులకు, పెదవుల చివర్లకు వ్యాసలీన్ రాసి బ్రష్‌తో పూశారు. పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో ముఖం రుద్దుకున్నట్టు చురచుర. నర్సు అట్టముక్కతో విసిరింది. రెండు నిమిషాలకు ముఖమంతా తెల్లగా పౌడర్ కొట్టినట్టయింది, నాకు గుండె ఆగినంత పనైంది. అది కాలిన చర్మం కాదట, ఆరిన యాసిడ్. నీళ్లతో కడిగేశారు. గ్లైకోలిక్ అనే ఇంకో యాసిడ్ అయితే టైమ్ చూసుకొని దాని బలం విరిచేయాలి, అక్కడే తెలియనివాళ్ల చేతిలో తేడా కొడుతుంది.

రెండు వారాలకోసారి, ఐదు సిట్టింగులు, ఒక్కోదానికి 1,800 రూపాయలు. మూడో సిట్టింగ్ దాకా పెద్ద తేడా కనిపించలేదు. మొటిమలు, మచ్చలు బాగా తగ్గాయి. గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి, అవి ఇలాంటి పైపై పీల్‌తో పోవు. అడాపలీన్ ప్రతిసారీ కొన్ని రోజుల ముందే ఆపించేవారు. థ్రెడింగ్, బ్లీచ్ కూడా ఆ వారం వద్దంటారు. ఆస్పిరిన్ పడకపోయినా, పెదవి మీద పొక్కులు వచ్చే అలవాటున్నా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రోజూ రాశాను, మధ్యాహ్నం బండి ఆపి మళ్లీ రాసుకునేవాణ్ని. తోటలో రైతులు నవ్వేవాళ్లు.

మీరు పెళ్లయ్యాక చర్మ డాక్టర్‌ను కలవండి. వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, కవర్‌లో వేసుకొని వెళ్లండి.