డార్ట్‌మూర్ రాతి వలయాలు చూడాలంటే మెరివేల్‌తో మొదలుపెట్టండి

స్టోన్‌హెంజ్‌లో మాదిరిగా జనం మధ్య దూరం నుంచి చూడడం కాకుండా, ఇంగ్లండ్ నైరుతి భాగంలోని డార్ట్‌మూర్ అనే ఎత్తయిన గడ్డిబయలు (మూర్) మీద నడుచుకుంటూ వెళ్లి ప్రాచీన రాతి వలయాలనూ సమాధులనూ దగ్గరగా చూడాలని ఉందని, వెంట అమ్మగారూ ఎనిమిదేళ్ల బాబూ వస్తారని, ఎక్కడికి వెళ్లమంటారని అడిగారు. ప్లిమత్‌లో ఉద్యోగం చేసిన ఆరేళ్లలో సెలవు దొరికినప్పుడల్లా డార్ట్‌మూర్ మీద తిరిగినవాడిగా, ముందు మెరివేల్‌కు వెళ్లమని చెబుతాను.

ప్రిన్స్‌టౌన్ నుంచి టావిస్టాక్ వెళ్లే రోడ్డు పక్కనే కారు ఆపుకొని, గడ్డిలో కొద్దిసేపు నడిస్తే రాతి వరుసలు వస్తాయి. టికెట్టు లేదు, కంచె లేదు. జంటరాళ్ల వరుసలు రెండు, దాదాపు సమాంతరంగా, తూర్పు పడమరలుగా సాగుతాయి. వాటిలో పొడవైనది 260 మీటర్ల పైచిలుకు. రెండు వరుసల మధ్య సన్నని నీటికాలువ పారుతుంది. రాళ్లు చాలావరకు మోకాలి ఎత్తుకు మించవు కనుక, మొదటిసారి నేను ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వెళ్లి, గడ్డిలో కలిసిపోయిన వాటిని సరిగా చూడకుండానే తిరిగి వచ్చేశాను. ఫిబ్రవరిలో సాయంత్రం నాలుగింటికి మళ్లీ వెళ్లినప్పుడు, వాలిన ఎండలో ప్రతి రాయి వెనుకా తన ఎత్తుకు నాలుగింతల నీడ పరుచుకొని, వరుస మొత్తం ఒక్క గీతలా లేచి కనిపించింది. అందుకే ఉదయమో సాయంత్రమో వెళ్లండి. తూర్పు కొసన నిలబడి, వరుస వెంట నిదానంగా నడవండి.

దక్షిణపు వరుస నడిమధ్యలో చిన్న సమాధి దిబ్బ ఉంది. ఆ వరుసకు దగ్గర్లోనే రాతిపలకలతో కట్టిన సమాధి పెట్టె ఉంది. దీన్ని అక్కడివాళ్లు కిస్ట్‌వేన్ అంటారు. దాని పైకప్పు బండను 19వ శతాబ్దంలో గేటు స్తంభం కోసం మధ్యలో చీల్చి పట్టుకుపోయారు. ఆ కోత ఈనాటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది, చూసిన ప్రతిసారీ నాకు బాధ కలుగుతుంది. మా అమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చినప్పుడు దాని పక్కన కూర్చొని, "ఇది మన రాకాసి గుళ్ల లెక్కనే ఉంది కదరా" అన్నది. పోలిక నిజమే. మన దగ్గర రాకాసి గుళ్లు అని పిలిచే ప్రాచీన సమాధుల్లో కూడా బండల వలయం నడుమ పలకల పెట్టె ఉంటుంది, కానీ మనవి ఎక్కువగా ఇనుపయుగానివి, ఇవి అంతకన్నా పాతవైన కంచుయుగానివి. ఒకదానికొకటి సంబంధం లేదు.

కొంచెం దక్షిణానికి వెళ్తే 11 చిన్న రాళ్ల వలయమూ, మూడు మీటర్ల నిలువురాయీ ఉన్నాయి. అమ్మగారికి అంతవరకు చాలు.

మీరొక్కరే వెళ్లే రోజుంటే గిడ్లీ దగ్గరి స్కోర్‌హిల్ వలయం చూడండి. డార్ట్‌మూర్ మీదే ఉన్న గ్రే వెదర్స్ అనే జంట వలయాలను 1909లో పడిన రాళ్లు నిలబెట్టి సరిచేశారు. స్కోర్‌హిల్‌ను అలా తిరిగి నిలబెట్టలేదు, కొన్ని రాళ్లు పడినచోటే ఉన్నాయి, నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. అయితే గ్రే వెదర్స్ నుంచి తిరిగివస్తుండగా ఒకసారి పావుగంటలో పొగమంచు కమ్మి, పది అడుగుల ముందున్నది కూడా కనిపించలేదు. దిక్సూచీ కాగితం మ్యాపూ ఉండబట్టి గోడ వెంటే నడిచి బయటపడ్డాను. ఫోను మీద ఆధారపడకండి. ఉత్తర భాగంలో సైన్యం కాల్పుల సాధన చేసే ప్రాంతాలున్నాయి, ఎర్రజెండా ఎగురుతుంటే లోపలికి అడుగు పెట్టకూడదు. కాల్పుల వేళలను ముందే ప్రకటిస్తారు.

ఇక్కడి నేలలో ఆమ్లగుణం ఎక్కువ కాబట్టి ఎముకలు సాధారణంగా మిగలవు, సమాధులన్నీ ఖాళీగానే కనిపిస్తాయి. వాటిలో ఒకప్పుడు ఏముండేదో తెలియాలంటే ప్లిమత్‌లోని ద బాక్స్ మ్యూజియం చూడాలి. డార్ట్‌మూర్‌లోని వైట్‌హార్స్ హిల్ మీద పీట్ మట్టిలో (తడిలో సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడే మట్టి) కూరుకుపోయిన ఒక రాతిపెట్టెను 2011లో తవ్వినప్పుడు, దహనం చేసిన యువ వ్యక్తి అస్థికలతో పాటు ఎలుగుబంటి తోలు, నారతో అల్లిన సంచి, రెండువందల దాకా పూసలు, వాటిలో అంబర్‌వీ (గట్టిపడిన చెట్టు జిగురు) తగరంవీ కూడా, దాదాపు 3,700 ఏళ్ల తర్వాత బయటపడ్డాయి. మెరివేల్ పెట్టెను చూసిన మరునాడు అక్కడికి తీసుకెళ్తే బాబుకు బాగా అర్థమవుతుంది.

ఇవన్నీ చట్టం కాపాడుతున్న కట్టడాలు కనుక రాళ్లను కదపకూడదు, పెట్టెలో దీపాలు వెలిగించకూడదు. బాబు బండలెక్కాలని మారాం చేస్తే రోడ్డుకు అవతల స్టేపుల్ టోర్ అనే సహజమైన బండల గుట్ట ఉంది, అక్కడ తనివితీరా ఎక్కనివ్వండి.