పాత సర్వర్‌కి కొత్త లాప్‌టాప్ నుంచి: మేనకోడలికో ఉత్తరం

అమ్మలూ,

రెండు రోజులుగా ఆ ఓరా-12154 ఎర్రర్‌తో కుస్తీ పడుతున్నావని నిన్న ఫోన్‌లో నీ గొంతు వింటేనే అర్థమైంది. నీ దగ్గరేమో కొత్త లాప్‌టాప్, అవతలేమో 10జీ వెర్షన్ కాలం నాటి ఒరాకిల్ డేటాబేస్ సర్వర్. సర్వర్ జోలికి వెళ్లొద్దు, నీ మెషీన్‌లో క్లయింట్, అంటే ఆ సర్వర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్, నువ్వే సెట్ చేసుకో అన్నారు కదూ. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు వెర్షన్ సంగతి. లేటెస్ట్ కదా అని కొత్త క్లయింట్ దించుకోకు. 12.2, 18, 19 క్లయింట్లు 11.2 కంటే పాత సర్వర్‌తో మాట్లాడవు. మీది 10.2 అన్నావు కాబట్టి 12.1 గానీ 11.2 గానీ పెట్టుకో. ఓరా-03134 వచ్చిందంటే వెర్షన్ కుదరలేదనే. ఇక సెట్టింగులు ఎన్ని తిప్పినా లాభం లేదు, క్లయింటే మార్చాలి.

మీ అప్లికేషన్ 32 బిట్ అయితే క్లయింట్ కూడా 32 బిట్‌దే కావాలి. విండోస్ 64 బిట్ అయినా సరే. ఓడీబీసీ (అప్లికేషన్‌ని డేటాబేస్‌కి కలిపే వంతెన) వాడేటట్టయితే ఒక తమాషా ఉంది. సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో ఉండేది 64 బిట్ ఓడీబీసీ ప్యానెల్, సిస్‌వావ్64 అనే ఫోల్డర్‌లో ఉండేది 32 బిట్‌ది. రెండు ఫైళ్లకీ పేరు ఒకటే. ఈ పేర్లు పెట్టినవాళ్లని తిట్టుకోని రోజు లేదు నేను.

ఇప్పుడు నీ ఓరా-12154. అది వచ్చిందంటే నువ్వు ఇంకా గడప దాటలేదన్నమాట. సర్వర్ దాకా వెళ్లనే లేదు, ఇచ్చిన పేరుకి అడ్రస్ నీ మెషీన్‌లోనే దొరకలేదు. కాబట్టి నెట్‌వర్క్ వాళ్లకి మెయిల్ పెట్టకు. కనెక్షన్ పేర్లకి అడ్రస్‌లు రాసి ఉండే టీఎన్ఎస్‌నేమ్స్.ఓరా ఫైల్‌ని నువ్వు పదిసార్లు దిద్దానన్నావు. దిద్దావు సరే, క్లయింట్ చదువుతున్నది ఆ ఫైల్‌నేనా? ఒకే మెషీన్‌లో రెండు మూడు ఒరాకిల్ హోమ్‌లు, అంటే ఒరాకిల్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్లు, ఉండటం మామూలే. ఒక్కోదాని కింద ఒక్కో టీఎన్ఎస్‌నేమ్స్ ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో టీఎన్ఎస్‌పింగ్ కొట్టి, పక్కన నీ కనెక్షన్ పేరు ఇవ్వు. ఏ పారామీటర్ ఫైల్ వాడుకుందో పూర్తి పాత్‌తో చూపిస్తుంది. అందరూ ఆ లైన్ వదిలేసి కింద ఎర్రర్ మాత్రమే చదువుతారు. నువ్వు దిద్దిన ఫోల్డర్, అది చూపించే ఫోల్డర్ వేరైతే నీ రెండు రోజులూ ఎక్కడికి పోయాయో తెలిసిపోతుంది. అప్పుడు టీఎన్ఎస్_అడ్మిన్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో నీ ఫోల్డర్ పెట్టి, విండో మూసి మళ్లీ తెరువు.

ఫైల్ సరైనదే అయితే చిన్న చిన్నవి చూడు. నోట్‌ప్యాడ్ వెనకాల .టీఎక్స్‌టీ తగిలించిందేమో, బ్రాకెట్ ఒకటి తగ్గిందేమో, పేరుకి ముందు ఖాళీ ఉందేమో. ఎస్‌క్యూఎల్‌నెట్.ఓరా అనే సెట్టింగుల ఫైల్‌లో డిఫాల్ట్ డొమైన్ లైన్ ఉంటే నువ్వు ఇచ్చిన పేరుకి దాన్ని తగిలించి వెతుకుతుంది. పాత సిస్టమ్స్‌లో .వరల్డ్ అని తోకలు కనిపించేది అందుకే. ఇంకోటి, పాత క్లయింట్లకి ఫోల్డర్ పేరులో బ్రాకెట్లు పడవు. ఎక్స్86 అని బ్రాకెట్లో ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మీ అప్లికేషన్ ఉంటే, దాన్ని తీసి సీ డ్రైవ్‌లో మామూలు ఫోల్డర్‌లో పెట్టి చూడు. అంతటితో 12154 పోయిన రోజులున్నాయి.

గడప దాటాక 12541 వస్తే అక్కడ లిజనర్ (సర్వర్‌లో కనెక్షన్లని అందుకునే ప్రోగ్రామ్) లేదని, లేదా పోర్ట్ తప్పని. మామూలుగా పోర్ట్ 1521. 12514 వస్తే లిజనర్ పలికింది కానీ నువ్వు అడిగిన డేటాబేస్ సర్వీస్ పేరు దానికి తెలియదు. 12505 కూడా ఇలాంటిదే, ఎస్ఐడీ (డేటాబేస్ ఇన్‌స్టన్స్ పేరు) విషయంలో. పాత డేటాబేస్‌లకి చాలాచోట్ల ఎస్ఐడీయే ఇస్తారు, మనం దాన్ని తీసుకెళ్లి సర్వీస్ నేమ్ దగ్గర పెడతాం. టీఎన్ఎస్‌పింగ్ ఓకే అన్నంత మాత్రాన సంబరపడకు, అది లిజనర్‌ని పలకరించి వచ్చేస్తుంది, లోపల డేటాబేస్ పడుకుని ఉన్నా ఓకే అంటుంది.

కనెక్ట్ అయ్యాక అందరూ హమ్మయ్య అనుకుని లేచిపోతారు. నేనూ ఒకప్పుడు అలాగే లేచిపోయాను. డేటాబేస్ క్యారెక్టర్ సెట్ (అక్షరాలని బైట్లుగా రాసే పద్ధతి) ఏఎల్32యూటీఎఫ్8 కదా అని, క్లయింట్‌లో భాష, అక్షరాల సంగతి చెప్పే ఎన్ఎల్ఎస్_లాంగ్ సెట్టింగ్ కూడా అదే పెట్టాను. కానీ మా విండోస్ ప్రోగ్రామ్ పంపేది 1252 కోడ్ పేజీ (విండోస్ అక్షరాల పట్టిక) అక్షరాలు. రెండువైపులా ఒకటే అని రాసి ఉంది కాబట్టి ఒరాకిల్ ఏదీ మార్చకుండా, వచ్చిన బైట్లని వచ్చినట్టే లోపల పెట్టేసింది. మా స్క్రీన్ల మీద అంతా బాగానే కనిపించేది, ఎందుకంటే మళ్లీ అలాగే మార్చకుండా ఇచ్చేది. కొన్ని నెలల తర్వాత వేరే టీమ్ జావాలో రిపోర్ట్ రాస్తే యూరో గుర్తు ఉన్నచోటల్లా చెత్త వచ్చింది. లోపల ఉన్న బైట్లు చూపించే డంప్ ఫంక్షన్‌కి 1016 ఇచ్చి చూశాను. ఆ గుర్తుకి యూటీఎఫ్8లో మూడు బైట్లు ఉండాలి. అక్కడ ఉన్నది ఒక్కటే, హెక్స్‌లో 80. ఎవరినీ అనడానికి లేదు, ఆ లైన్ పెట్టింది నేనే. అవన్నీ వెతికి సరిచేయడానికి ఎన్ని ఆదివారాలు పోయాయో మీ అత్తయ్యని అడుగు.

ఎన్ఎల్ఎస్_లాంగ్‌లో రాయాల్సింది డేటాబేస్‌ది కాదు, నీ ప్రోగ్రామ్ నిజంగా పంపేది ఏదో అది. మీ అప్లికేషన్ 1252లో పంపుతుంటే డబ్ల్యూఈ8ఎంఎస్‌విన్1252 పెట్టు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఒరాకిల్ వాళ్ల ఎస్‌క్యూఎల్‌ప్లస్ టూల్ నడిపితే లెక్క వేరు, అక్కడ సీహెచ్‌సీపీ కొడితే కోడ్ పేజీ చెప్తుంది. 850 అని వస్తే డబ్ల్యూఈ8పీసీ850. తర్వాత మీ అప్లికేషన్ నుంచే ఒక టెస్ట్ టేబుల్‌లో యూరో గుర్తు ఒకటి వేసి (850లో ఆ గుర్తు లేదు), డంప్ చేసి, బైట్లు లెక్కపెట్టు. స్క్రీన్ మీద బాగుందని నమ్మకు.

తేదీల ఫార్మాట్ కోసం ఎన్ఎల్ఎస్_డేట్_ఫార్మాట్ పెట్టుకోవచ్చు, కాకపోతే ఎన్ఎల్ఎస్_లాంగ్ కూడా పెట్టి ఉంటేనే ఎన్విరాన్‌మెంట్‌లో అది పనిచేస్తుంది. సంవత్సరం నాలుగు అంకెల్లో పెట్టు.

ఈ రాత్రికి టీఎన్ఎస్‌పింగ్ ఇచ్చిన అవుట్‌పుట్ మొత్తం పంపు, ఫొటో కాదు, టెక్స్ట్. అందులో ఏ ఫోల్డర్ ఉందో చూసి చెప్తాను.

మామయ్య