గోడ మీద నల్ల బూజుకి పెయింట్ మందు కాదు, ముందు నిమ్ము ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

రెండుసార్లు పెయింట్ వేయించినా బెడ్‌రూమ్ మూలలో నల్ల మచ్చలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఏ పెయింట్ మంచిది అని అడిగారు. ఇప్పుడే ఏదీ వేయించకండి. బూజు తినేవి, అంటే దుమ్ము, చెక్క, కాగితం, ఏ ఇంట్లోనైనా ఉంటాయి, దాన్ని ఆపాలంటే మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. నిమ్ము తగ్గకుండా ఎంత ఖరీదైన డబ్బా తెచ్చినా కొన్నాళ్ళకి పెయింట్ పొక్కి పెచ్చులు ఊడతాయి, మచ్చలు మళ్ళీ పైకి తేలతాయి.

మా ఇంట్లోనూ ఇదే గొడవ. బయటి గోడకి ఆనించిన బీరువా వెనక మొదలైంది. చూసినవాళ్ళంతా పైనుంచి లీకేజీ అన్నారు, ఒకాయనైతే స్లాబ్ మొత్తం వాటర్‌ఫ్రూఫింగ్ చేయించాల్సిందే అన్నాడు. అంత ఖర్చు పెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేశాం, మీరూ చేయండి. మచ్చల పక్కన గోడని తుడిచి ఆరనిచ్చి, జానెడు అల్యూమినియం ఫాయిల్‌ని నాలుగు అంచులా గాలి దూరకుండా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. సమస్య ఉన్న రోజుల్లోనే చేయాలి, గోడ పొడిగా ఉండే కాలంలో చేస్తే ఏమీ తెలియదు. మాకు ఫాయిల్ పైన, గదివైపు, చెమట పట్టినట్టు సన్నటి బొట్లు కనిపించాయి, గోడవైపు మాత్రం పొడిగానే ఉంది. అంటే స్లాబ్‌కి సంబంధం లేదు, గదిలో గాలిలోని తేమే చల్లటి గోడకి తగిలి నీరవుతోంది.

అందుకని బీరువాని గోడకి జానెడు దూరం జరిపాం, తడి బట్టలు గదిలో ఆరేయడం మానేశాం, స్నానం అయ్యాక కూడా ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని అరగంట తిరగనిస్తున్నాం. గదిలో గాలి తేమ చూపించే చిన్న మీటర్ (హైగ్రోమీటర్) ఒకటి కొనుక్కోండి, చాలా పనికొస్తుంది. 60 శాతం దాటకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మరీ మంచిది. గాలి ఆడాలని ఎప్పుడూ కిటికీలు తెరిచి ఉంచమంటారు గానీ, బయట ముసురు పట్టి ఉంటే దానివల్ల లోపల తేమ ఇంకా పెరుగుతుంది.

ఫాయిల్ వెనక, గోడవైపు తడి ఉంటే కథ వేరు. నేల దగ్గర మొదలై పైకి పాకుతూ తెల్లగా ఉప్పు పట్టిందంటే చాలావరకు భూమిలోంచి ఎక్కుతున్న చెమ్మే. వాన పడ్డాకే మచ్చ పెద్దదవుతుంటే పైకప్పో, బయటి గోడలో పగులో చూడాలి. వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా తడిగా ఉంటే పైపు మీద అనుమానం పెట్టుకోండి, కుళాయిలన్నీ కట్టేసినా నీళ్ళ మీటర్ తిరుగుతుంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నట్టే. రిపేరు అయిన మర్నాడే లప్పం పెట్టేస్తామంటారు, ఒప్పుకోకండి. తడిసిన ప్లాస్టరింగ్ ఆరడానికి వారాలు పడుతుంది.

ఇక శుభ్రం చేయడం. మూడడుగులకి మూడడుగుల లోపు మచ్చ అయితే మీరే చేసుకోవచ్చు, అంతకన్నా పెద్దదైతే తెలిసినవాళ్ళని పిలవడం మేలు. ఎన్95 మాస్కు, గ్లౌజులు, కళ్ళద్దాలు పెట్టుకుని, గది తలుపు మూసి కిటికీ తెరిచి, డిటర్జెంట్ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవండి. పొడి బ్రష్‌తో గీకితే దాని పొడి ఇల్లంతా ఎగురుతుంది. బ్లీచింగ్ అవసరం లేదు, ఒకవేళ వాడినా బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ అమ్మోనియాతో గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. చచ్చిన బూజు కూడా అలర్జీ తెప్పిస్తుంది కాబట్టి మందు కొట్టి వదిలేయకుండా తుడిచి తీసేయాల్సిందే. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే వాళ్ళు ఆ పని చేయకూడదు, ఆ గదిలో పడుకోకూడదు కూడా. పిల్లలుంటే మరీ ఆలస్యం చేయకండి.

ఫాయిల్ ఈ రోజే అంటించండి. తడి ఏ వైపు కనిపించిందో, మచ్చ నేలకి ఎంత ఎత్తులో ఉందో ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చూద్దాం.