క్రూయెల్ ఊలుతో లెక్క కుట్టు కుట్టవచ్చా?

ప్రశ్న: విదేశంలో ఉండే మా ఆడపడుచు డబ్బా నిండా క్రూయెల్ ఊలు చిలపలు పంపింది. అది లతలూ పువ్వులూ గీసుకుని కుట్టే పనికే తప్ప, పోగులు లెక్కపెట్టి కుట్టే కసూతి వంటి జానపద కుట్టుకు పనికిరాదని మాకు కుట్టుపని నేర్పే ఆవిడ అంటున్నారు. ఆ ఊలుతో వెంకటగిరి చీర కొంగు మీద కసూతి కుట్టాలని నా కోరిక. సలహా ఇవ్వగలరు.
— ఒక పాఠకురాలు, కావలి

జవాబు: క్రూయెల్ అన్నది రెండు పేటలు కలిపి పురిపెట్టిన సన్నని ఊలు దారం. గీసిన గీతల మీద దానితో కుట్టే పనికీ అదే పేరు స్థిరపడినందువల్ల, ఆ దారం మరి దేనికీ చెల్లదన్న అభిప్రాయం కొందరిలో ఉంది. నీలగిరుల్లో తోడా గిరిజన స్త్రీలు ముతక తెల్ల నూలుగుడ్డ మీద ఎరుపు, నలుపు ఊలు దారాలతో, ఒక్క గీతైనా గీయకుండా, కేవలం పోగుల లెక్క మీదనే కుడతారు; ఆ పనికి 2013లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కనుక ఊలుకూ లెక్కకూ వైరం లేదు.

వెంకటగిరి చీర ఆలోచన మాత్రం దయచేసి మానుకోండి. అంత సన్నని నేతలో పోగులు లెక్కించడం కంటికి శిక్ష. ఊలు దూరిన చోటల్లా పడుగూ పేకా పక్కకు జరిగి, విప్పినా పోని కంతలు మిగులుతాయి. (మన ఎండల్లో ఊలు కొంగు భుజాన వేసుకోవడం సంగతి వేరే చెప్పాలా?) దిండు గలీబుకో, గోడకు తగిలించే పటానికో మ్యాటీ గుడ్డ (లెక్కకు వీలుగా గళ్ళు గళ్ళుగా నేసిన గుడ్డ) తీసుకోండి. అంగుళానికి 14 గళ్ళుంటే ఒంటి దారంతో, 11 ఉంటే రెండు దారాలతో ముందు ఒక మూల నాలుగు వరసలు కుట్టి, గుడ్డ కనబడకుండా నిండుతున్నదో, బిగుసుకుని ముడుచుకుంటున్నదో చూసుకోండి. 70 కుట్ల వెడల్పున్న నమూనా 14 గళ్ళ గుడ్డపై 5 అంగుళాలు వస్తుంది, 11 గళ్ళ దానిపై 6 దాటుతుంది.

కసూతిలోని నాలుగు కుట్లలో గవంతి, మురిగి సన్నని గీతల కుట్లు. ఊలు నూగు వల్ల వాటి పదును పోతుంది, వాటిని నూలు దారానికే వదిలేయండి. నేతలా నింపుకుంటూ పోయే నేగి, అడ్డంగా దాటే మెంతి కుట్టు మాత్రం ఊలుతో నూలుకన్నా నిండుగా కనిపిస్తాయని నా అభిప్రాయం.

మొన మొద్దుగా, కన్ను పెద్దదిగా ఉన్న 22 లేదా 24 నంబరు సూది వాడండి. దారం మూరెడుకు మించకూడదు, ఎందుకంటే గుడ్డలోంచి దూరిన ప్రతిసారీ ఊలు అరిగి, చివరికి వచ్చేసరికి పీలగా మారుతుంది. ఉతకడానికి చన్నీళ్ళు, కుంకుడు రసం చాలు. వేడినీళ్ళలో నలిపితే ఊలు ముద్దకట్టి గుడ్డను ముడతలు పెడుతుంది. మిగిలిన చిలపలను కలరా ఉండలతో మూత బిగించిన డబ్బాలో ఉంచండి. ముదురు ఎరుపు వాడేముందు తడిపిన తెల్లగుడ్డలో చిన్న ముక్కను నొక్కి, రంగు అంటుతుందేమో తప్పక చూడండి.