నల్లగొండలో ఉంటూ శాసనాలు చదవడం హాబీగా పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే మ్యూజియం ఉన్నాయి. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల కాలపు శాసనాలున్నాయి (మహబూబ్‌నగర్ మర్రిచెట్టు పిల్లలమర్రి వేరు, బస్సెక్కే ముందు చూసుకోండి).

మొదట ఫొటోలతో మొదలుపెట్టండి. నడిమధ్యాహ్నం ఎండలో అక్షరాలు కనబడవు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెలుతురు ఏటవాలుగా పడ్డప్పుడు గీతల్లో నీడ నిలుస్తుంది. నీడలో ఉన్న రాయికైతే పక్కనుంచి టార్చి వేయండి. సుద్ద, పిండి రుద్దొద్దు. తడి కాగితం అద్ది, సిరాతో అచ్చు తీసే పని అనుభవజ్ఞుల దగ్గర నేర్చుకోవాలి, రక్షిత కట్టడాల్లో పురావస్తు శాఖ అనుమతి కూడా ఉండాలి.

అసలు కష్టం లిపిది. ఆనాటిది తెలుగు, కన్నడలకు ఉమ్మడి లిపి. ఒక్క పంక్తికే సాయంత్రాలు గడిచిపోతాయి. ఇక్కడే చాలామంది మానేస్తారు. అందుకని తేదీలతో మొదలుపెట్టడం నయం: శక సంవత్సరానికి 78 కలిపితే దాదాపు క్రీస్తు శకం వస్తుంది, శక 1117 అంటే 1195. ఊళ్లో సున్నం కొట్టిన రాయి కనిపిస్తే గోకకండి, శాఖవాళ్లకు చెప్పండి.