మిలిటరీ నుంచి రెవెన్యూకి వస్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

డిప్యూటీ కలెక్టర్‌గా సెలెక్ట్ అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పదేళ్ళు ఆర్మీలో చేసి, ముప్పై దాటాక మళ్ళీ పుస్తకాలు పట్టి గ్రూప్-1 కొట్టావు, చాలా సంతోషంగా ఉంది. ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూలో చేసినవాణ్ణి కాబట్టి, నువ్వు కుర్చీలో కూర్చోకముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

చేరిన వారంలోనే రెండు మాటలు నీ చెవిన పడతాయి. మిలిటరీవాళ్ళకి సివిల్ పాలన తెలియదని కొందరంటారు, మిలిటరీ ఆఫీసరు వచ్చాడు ఇక అన్నీ దారికొస్తాయని ఇంకొందరంటారు. రెండూ నమ్మొద్దు. మన రాయలసీమలోనే దీనికి పాత సాక్ష్యం ఉంది, థామస్ మన్రో. 1780లో మద్రాసులో దిగినప్పుడు ఈస్టిండియా కంపెనీ పదాతి దళంలో మామూలు క్యాడెట్. హైదరలీతో, తరవాత టిప్పుతో జరిగిన యుద్ధాల్లో ఉన్నాడు. 1792లో బారామహల్ (ఇప్పటి తమిళనాడులో సేలం, కృష్ణగిరి వైపు సీమ) కంపెనీ చేతికొచ్చినప్పుడు గవర్నర్ జనరల్ కారన్‌వాలీస్ అక్కడికి సివిల్ ఉద్యోగుల్ని కాకుండా కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌నీ, ఆయన కింద మన్రో లాంటి సైనికాధికారుల్నీ పంపించాడు. ఎందుకో తెలుసా? మద్రాసు సివిల్ ఉద్యోగులకి ఇక్కడి భాషలు రావు, సైన్యంలో తిరిగినవాళ్ళకి వచ్చు. అంటే వాళ్ళకి అర్హత తెచ్చింది కత్తి కాదు, భాష. ఇది బాగా గుర్తుపెట్టుకో.

1800లో నిజాం దత్తమండలాలు, అంటే మన సీమ జిల్లాలు, కంపెనీకి ఇచ్చేశాక ఏడేళ్ళు ఇక్కడ కలెక్టరు మన్రోనే, మకాం అనంతపురం. అనంతపురం, కడప, బళ్ళారి, కర్నూలులో చాలా భాగం ఆయన కిందే ఉండేవి. మొదటి ఏళ్ళలో ఎక్కువ కాలం గుడారాల్లోనే గడిపాడు. రైతు గుడారం దగ్గరికొచ్చి మాట్లాడతాడు, ఆయన వింటాడు, మర్నాడు ఇంకో ఊరు. 33 అడుగుల గొలుసుతో పొలం పొలం కొలిపించాడు, ఆ గొలుసు చదరాలు నలభై అయితే ఎకరా. నువ్వు రేపు చూడబోయే సర్వే రికార్డుల వరసకి మూలం అక్కడుంది. అదంతా అయ్యాక, 1807లో వెళ్ళిపోయే ముందు, తను కట్టిన శిస్తే ఎక్కువగా ఉందని ఒప్పుకుని నాలుగో వంతు తగ్గించమని రాశాడు చూడు, నాకు ఆ కాగితం మీద గౌరవం. అప్పట్లో పైవాళ్ళు వినలేదు, ఒక్కో రైతు దగ్గర నేరుగా శిస్తు కట్టించుకునే ఆయన రైత్వారీ పద్ధతినే పక్కనపెట్టి ఊళ్ళు ఊళ్ళుగా కౌలుకిచ్చారు.

అలాగని ఆయన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. సొంత బలగాలున్న స్థానిక దొరలు, పాలెగాళ్ళు, ఎనభై మంది దాకా ఉంటే వాళ్ళని అణిచేసిన తీరు పూర్తిగా సైనికుడిదే. లండన్‌లో కంపెనీ డైరెక్టర్లే తప్పుపట్టారు. ఆ పుండు మానలేదు, 1846లో పాలెగాళ్ళ వంశంవాడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పింఛను తగాదా కోవెలకుంట్ల ఖజానా మీద దాడి దాకా వచ్చింది. ఇంకోటి, ఎంత మంచి కలెక్టరైనా ఆయన వసూలు చేసిన శిస్తు పరాయి కంపెనీకే పోయింది.

ఇప్పుడు నా కళ్ళముందు జరిగింది చెప్తా. నేను డీటీగా (డిప్యూటీ తహసీల్దారుగా) ఉన్నప్పుడు ఆర్మీ నుంచి వచ్చిన ఒకాయన మాకు పై అధికారి. నిజాయితీపరుడు, టైమంటే టైమే. చెరువు ఆక్రమణలు శుక్రవారం లోపు తీసేయాలన్నాడు. శుక్రవారం పొద్దున ఏడింటికి జేసీబీ దిగింది. మధ్యాహ్నానికి ఒకావిడ పాలిథిన్ కవర్లో మడిచిన డీకేటీ పట్టా (ప్రభుత్వ భూమిని పేదలకిచ్చినట్టు కాగితం) పట్టుకుని కట్ట మీద నిలబడింది, అప్పటికే ఆవిడ టమాటా చేను మట్టిలో కలిసిపోయింది, కాయలు జేసీబీ అచ్చుల్లో నలిగి కనిపిస్తున్నాయి. ఆ సర్వే నంబరు చెరువుది కాదు, పక్కది. ఆ పట్టా నకలు మా బీరువాలోనే ఉంది, నాకూ తెలుసు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకీ తెలుసు. సారు 'ఎస్' తప్ప ఇంకో మాట వినడని మేమెవ్వరం నోరు తెరవలేదు. తప్పు ఆయనదెంతో నాదీ అంతే. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు, ఆ కాగితం మళ్ళీ అలాగే మడిచి కవర్లో పెట్టుకుంది. నాకు ఇప్పటికీ అదే కనిపిస్తుంది.

అందుకే చెప్తున్నా. సైన్యంలో నీ మాట కిందికి పోతే పని అయిపోతుంది. ఇక్కడ కింది నుంచి పైకి వచ్చే మాటే అసలు పని. ఏ ఆర్డరు మీదైనా సంతకం పెట్టే ముందు వీఆర్‌ఓని (గ్రామ రెవెన్యూ అధికారిని), సర్వేయర్ని కూర్చోబెట్టి "దీంట్లో నాకు తెలియనిదేముంది?" అని అడుగు. నిలబెట్టి కాదు, కూర్చోబెట్టి. మొదట్లో చెప్పరు. మూడోసారో నాలుగోసారో ఒకడు చెప్తాడు, వాడి మీద విసుక్కోకు. అర్జీ తెచ్చినవాళ్ళని వరసలో నిలబెట్టడం నీకు అలవాటే, కానీ ముసలివాళ్ళకి కుర్చీ వేయించు, అడంగల్‌లో (ఊరి భూమి, పంటల లెక్కల పుస్తకంలో) ఏం రాసుందో నువ్వే చదివి వినిపించు, వాళ్ళు తెచ్చిన కాగితం పూర్తిగా చదివాకే మాట్లాడు.

సర్పంచుల సంగతి. మీ సైన్యంవాళ్ళు చాలామంది రాజకీయం అనగానే మొహం తిప్పుకుంటారు. వద్దు. 1816లోనే మన్రో ఊరి పెద్దకి చిన్న తగాదాలు తీర్చే మునసబు అధికారం, పంచాయితీకి తీర్పు చెప్పే హక్కు ఇప్పించాడు. మన మనుషుల్ని పెద్ద ఉద్యోగాలకి దూరం పెడితే జాతి మొత్తం దిగజారుతుందని 1817లో రాశాడు. 1824లో, వీళ్ళు ఎప్పటికో తమ ప్రభుత్వం తామే నడుపుకునేలా తయారవుతారని కూడా రాశాడు, కానీ ఆ "ఎప్పటికో" ఎప్పుడో తేల్చే అధికారం తెల్లవాళ్ళ దగ్గరే ఉంచుకున్నాడు. స్థానిక పాలన మీద వైస్రాయి రిప్పన్ తీర్మానం తరవాత 1884 చట్టంతో మద్రాసులో జిల్లా బోర్డులొచ్చాయి, అధ్యక్షుడి కుర్చీలో మాత్రం ఏళ్ళ తరబడి కలెక్టరే. హైదరాబాదు సంస్థానంలో చూడు, 1948లో భారత సైన్యం వచ్చాక మేజర్ జనరల్ చౌధురి మిలిటరీ గవర్నరు, ఏడాది తిరక్కుండానే 1949 ఆగస్టులో జాగీర్లు రద్దు చేసేశారు, అంత వేగం సైన్యానికే సాధ్యం. కానీ జనం ఓటేసి ఎన్నుకున్న మంత్రివర్గం రావడానికి 1952 దాకా ఆగాల్సి వచ్చింది, ఈలోపు తెలంగాణ పల్లెల్లో క్యాంపులు, అరెస్టులు చూసినవాళ్ళు ఆ రోజుల్ని పాలన అనరు. నీ దగ్గరికొచ్చే సర్పంచు తప్పుడు పని అడిగితే కుదరదని చెప్పు, రాతపూర్వకంగా చెప్పు. కానీ నిలబడి పలకరించు. ఆయన వెనక ఊరు ఓటేసింది, నీకూ నాకూ ఎవరూ ఓటెయ్యలేదు.

నీ సైన్యం అలవాట్లలో మూడు మాత్రం వదలకు: పొద్దున్నే లేచి ఊళ్ళోకి పోవడం, కింది ఉద్యోగి తిన్నాడో లేదో అడగడం, లంచం దగ్గర మొండిగా ఉండడం.

చేరే ముందు రెండు రోజులు తీరిక చేసుకుని గుత్తికి రా. పత్తికొండ పోదాం, 1827లో కలరాతో మన్రో చనిపోయింది అక్కడే, ఆయన గుర్తుగా తవ్వించిన బావి చూపిస్తా. సాయంత్రం ఇంటికొచ్చాక ఎఫ్ఎంబీ (పొలాల కొలతల పటాల పుస్తకం) ఎలా చదవాలో నేర్పిస్తా, అది మాత్రం ట్రైనింగులో తొందర తొందరగా ముగించేస్తారు. నా పాత స్కేలు ఇంకా ఉంది.

మీ అత్త నీకు ఆశీస్సులు చెప్పమంది.

నీ మామ