లాడ్జిలో చేరితే నాయకత్వం వస్తుందా? నాకైతే కాపలా పని వచ్చింది

"ఫ్రీమేసన్ లాడ్జిలో చేరితే లీడర్‌షిప్ అలవడుతుందట, పరిచయాలు పెరుగుతాయట, నిజమేనా? ఈ కాలానికి తగ్గట్టు వాళ్ళేమైనా మారారా?" అని అడిగారు. ఫ్రీమేసన్రీ అంటే కొన్ని తంతులూ, ప్రమాణాలూ ఉన్న పాతకాలపు సోదర సంఘం, లాడ్జి అంటే దాని స్థానిక శాఖ. గుంటూరులో 11 ఏళ్ళుగా సభ్యుణ్ణి కాబట్టి చెప్తున్నా.

ముందు నా బాధ వినండి. మన ఊళ్ళో లాడ్జి అంటే బస్టాండు దగ్గర గదులు అద్దెకిచ్చేదే. చేరిన కొత్తలో మా అత్తగారు ఫోన్ చేస్తే "లాడ్జిలో ఉన్నానండీ, తర్వాత చేస్తా" అన్నాను. పది నిమిషాల్లో మా ఆవిడకి ఫోను వెళ్ళింది. అప్పట్నుంచి ఇంట్లో "మీటింగు" అనే అంటాం. ఇల్యూమినాటీ వీడియోలు చూసొచ్చి గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళకైతే ఓ దణ్ణం. ప్రపంచాన్ని నడిపేవాళ్ళమే అయితే ఏసీ రిపేరుకి తలా ఐదొందలు ఎందుకు వేసుకుంటాం?

లీడర్‌షిప్‌కి క్లాసులేమీ ఉండవు. వర్షిప్‌ఫుల్ మాస్టర్ అని, లాడ్జికి పెద్దగా ఒకాయన్ని ఎన్నుకుంటాం. ఏడాది కూర్చుంటాడు, దిగిపోతాడు. ఆ తర్వాత కొత్తాయన పక్కన కూర్చుని, ఆయన మాట తడబడితే అందిస్తాడు. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు రెండుసార్లు మార్చాం గానీ ప్రెసిడెంటుని మార్చలేకపోయాం.

నేనూ ఆ కుర్చీ ఎక్కి దిగాను. రెండేళ్ళకి టైలర్ పని అప్పజెప్పారు. బట్టలు కుట్టే టైలర్ కాదు. కత్తి పట్టుకుని తలుపు బయట నిలబడి, సభ్యుడు కానివాణ్ణి రానీయకుండా చూసేవాడు. మొన్నటిదాకా నేను లోపలికొస్తే అందరూ లేచేవారు, ఇప్పుడు బయట నేనూ దోమలూ. సణుక్కుంటూనే ఒప్పుకున్నా.

మే నెల. లోపల ఒక కుర్రాడికి మొదటి డిగ్రీ, అంటే సభ్యుడిగా చేర్చుకునే తంతు, జరుగుతోంది. అందరి ఫోన్లూ ఆపేసి ఉన్నాయి. నేను నల్లకోటు, నడుముకి ఏప్రన్, చేతిలో కత్తి, వీపు మీద చెమట. డెలివరీ అబ్బాయి రెండు చేతుల్లో బిర్యానీ సంచులతో మెట్లెక్కి వచ్చాడు. నన్ను చూసి రెండు మెట్లు వెనక్కి దిగాడు.

"ఏం నాటకం సార్?"

నాటకం కాదన్నాను.

"అయితే ఓటీపీ చెప్పండి."

ఓటీపీ సెక్రటరీ ఫోన్లో ఉంది. సెక్రటరీ లోపల ఉన్నాడు. నేను తలుపు తడితే లోపలివైపు కాపలా ఉండే ఇన్నర్ గార్డ్‌కి వినిపించాలి, ఆయన జూనియర్ వార్డెన్ అనే ఇంకో పదవిలో ఉన్నాయనకి చెప్పాలి, కబురు మాస్టర్ దాకా పోవాలి. అవతల ప్రమాణం నడుస్తుంటే బిర్యానీ వచ్చిందని ఎలా తట్టను? వచ్చినవాణ్ణి రహస్యపదం అడగాల్సినవాణ్ణి నేను. వాడేమో నన్ను అడుగుతున్నాడు, నా దగ్గర లేదు.

కత్తి గోడకి ఆనించి, నా నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోబెట్టాను. లోపల ఏం జరుగుతోందన్నాడు. ఒకబ్బాయిని చేర్చుకుంటున్నారన్నాను.

"జీతం ఎంతంట సార్?"

"అతనే చందా కట్టాలి."

వాడు నావైపు చూసిన జాలి చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడాది తలుపు దగ్గర నిలబడితేనే తెలిసింది, మా పెద్దాయన ఒకరు ఆ మెట్ల మీద మూడుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంటారని. నేను మాస్టరుగా ఉండగా రోజూ ఆలస్యమని విసుక్కున్నది ఆయన్నే. మర్నాడే మలుపులో ఓ కుర్చీ వేయించా.

పరిచయాలంటారా, వ్యాపారం కోసం వచ్చినవాళ్ళు ఏడాది తిరక్కుండానే జారుకున్నారు. లాడ్జిలో మతం, రాజకీయం ఎత్తకూడదు. బల్ల మీద గీత, ఖురాన్, బైబిల్ పక్కపక్కనే ఉంటాయి. పదిమంది మగవాళ్ళు రెండు గంటలసేపు రాజకీయం మాట్లాడకుండా కూర్చునే చోటు గుంటూరులో ఇంకొకటి చూపించండి, నేను చందా మానేస్తా.

మార్పు మాత్రం నత్తనడకే. 1717లో లండన్‌లో మొదటి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిలకి పై సంస్థ, పెట్టారు. మనవాళ్ళు ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు వాళ్ళ కిందే ఉండి ఉండి, సొంత గ్రాండ్ లాడ్జి పెట్టుకునేసరికి 1961 వచ్చింది. ఆడవాళ్ళని మా దాంట్లో ఇప్పటికీ చేర్చుకోరు. అనీబిసెంట్ 1902లోనే స్త్రీ పురుషులు కలిసి కూర్చునే మేసన్రీలో చేరిందని ఎక్కడో చదివి, నోరు జారి మా ఆవిడకి చెప్పాను. "మరి మీవాళ్ళకేం అడ్డొచ్చింది?" అని ప్రతి మీటింగు రోజూ అడుగుతోంది. మీకేమైనా జవాబు తడితే కింద రాయండి, ఇంట్లో పనికొస్తుంది.